నీడకి కార్డు

ఆ ఏడు ఎండలు మొదలైన వారంలోనే మా అత్త పడిపోయింది. నేను పని నుంచి వచ్చేసరికి తల సందులోకీ కాళ్ళు గదిలోకీ వచ్చేలా గుమ్మానికి అడ్డంగా పడుకోబెట్టి ఉన్నారు. పక్క గది ఆవిడ తడిగుడ్డతో మొహం తుడుస్తోంది.

"పోయాననుకుని ఏడుపు మొదలెట్టింది ఈవిడ," అంది అత్త నన్ను చూసి. "ఆగమ్మా, ఇంకా టైముంది అని నేనే ఊరుకోబెట్టాను."

మర్నాడు ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరమ్మ నాడి చూసి, కళ్ళు చూసి, నా వైపు తిరిగింది.

"మధ్యాహ్నం ఎక్కడుంటుంది ఈవిడ?"

"ఇంట్లోనేనండీ."

"ఎలాంటి ఇల్లు?"

"రేకుల గది."

ఆవిడ కలం కింద పెట్టేసింది. "మందులు రాసినా పని చెయ్యవమ్మా. పదకొండు నుంచి నాలుగు దాకా ఆ గదిలో ఉంచకు. ఈ వయసులో ఇంకోసారి పడితే లేవదు. చెట్టు నీడకి తీసుకెళ్ళు."

"ఎక్కడికండీ?"

"ఎక్కడికేమిటి, మీ దగ్గర్లో అంత పెద్ద పార్కుందిగా."

అత్త నవ్వింది. "ఉందమ్మా. మా కోడలే దానికి రోజూ స్నానం చేయిస్తుంది."

నిజమే. ఆ పార్కులో గడ్డికి నీళ్ళు పట్టే పని నాది. పొద్దున ఏడు నుంచి సాయంత్రం నాలుగున్నర దాకా రబ్బరు పైపు భుజాన వేసుకుని తిరుగుతాను. మా సందుకి ఒక పక్క మా గదులు, ఇంకో పక్క పార్కు గోడ. అత్త కాపరానికి వచ్చిన కొత్తలో అదంతా ఖాళీ జాగా. ఎవరిదీ కాదు కాబట్టి అందరిదీ. చెట్లు అప్పటివే. సందులో ఆడవాళ్ళు మధ్యాహ్నం చాపలు పట్టుకుని యాభై అడుగులు వేస్తే నీడలో ఉండేవాళ్ళట. తర్వాత అవతలి వైపు మేడలు లేచాయి. మేడలవాళ్ళు జాగా బాగుచేస్తామని తీసుకున్నారు. బాగుచేశారు కూడా, అబద్ధం చెప్పకూడదు. గడ్డి పరిచారు, బెంచీలు వేశారు, నడవడానికి దారి వేశారు. అన్నీ అయ్యాక గోడ కట్టారు. గేటు మేడల వైపు పెట్టారు. మా సందు నుంచి ఆ గేటుకి వెళ్ళాలంటే గోడ చుట్టూ తిరగాలి. నా కాళ్ళకి ఇరవై నిమిషాలు, అత్త కాళ్ళకి నలభై. దారి పొడుగునా చెట్టన్నది లేదు. ఉన్నవన్నీ గోడ లోపలే ఉండిపోయాయి.

గేటు దగ్గర కార్డు చూపించాలి. ఆ కార్డు మేడల్లో ఉన్నవాళ్ళకే ఇస్తారు. గడ్డికి రోజుకి రెండుసార్లు నీళ్ళు. మా సందు కొళాయికి మూడు రోజులకి ఒకసారి.

డాక్టరమ్మ చెప్పిన మాట పట్టుకుని సూపర్వైజరు దగ్గరికి వెళ్ళాను. ఆయన చెడ్డవాడు కాదు. చెమట పట్టిన టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని అంతా విన్నాడు.

"మీది ఏ బ్లాకు?" అన్నాడు చివరికి.

"మాకు బ్లాకెక్కడిది సార్. గోడ వెనక సందు."

"అదేనమ్మా నేను చెప్పేది. కార్డు కాగితంలో మొదటి గడే అది. అది నిండకపోతే మిగతావి నింపీ లాభం లేదు. రూలు నేను పెట్టింది కాదు. నా పెళ్ళానికే కార్డు లేదు."

ఇంటికొచ్చి చెప్తే అత్త రేకు వైపు చూసింది. తర్వాత అడిగింది, "పొద్దున్నే ఒకావిడ తెల్ల కుక్కని నడిపిస్తుందన్నావే, ఆ కుక్కకి కార్డుందా?"

"దానికెందుకు? అది మేడమ్ కార్డు మీద వస్తుంది."

"అయితే నేను నీ కార్డు మీద వస్తా."

"నాకెక్కడుంది కార్డు? పనుంది కాబట్టి రానిస్తున్నారు."

"అయితే పని మీదే వస్తాను," అంది.

వేళాకోళానికే అంది. కానీ ఆ మాట నా బుర్రలో పురుగులా దూరి తొలవడం మొదలెట్టింది. ఆ వారంలోనే ఏడో గది మేస్త్రీ పోయాడు. మధ్యాహ్నం అన్నం తిని పడుకున్నవాడు మళ్ళీ లేవలేదు. అతనికి నా వయసే. మోసుకెళ్ళడానికి వచ్చినవాళ్ళు గదిలోకి వెళ్ళి, ఆ సెగకి నిలవలేక బయటికొచ్చి, మళ్ళీ వెళ్ళారు. అత్త గుమ్మంలో కూర్చుని అదంతా చూసింది. ఆ రోజు జోకేమీ వెయ్యలేదు.

పార్కులో పని చేసే ఆడవాళ్ళం ఎనిమిది మందిమి. నేను నీళ్ళు పడతాను, మిగతావాళ్ళు ఊడవడం, కలుపు తియ్యడం. అందరికీ ఆకుపచ్చ కోట్లు ఇస్తారు. పొద్దున కాంట్రాక్టరు మనిషి గేటు దగ్గర నిలబడి కోట్లు లెక్కపెడతాడు, మొహాలు చూడడు. మాలో పొడుగమ్మ అని ఒకామె ఉంది. మోకాలు వాచి మంచాన పడింది. రావట్లేదని తెలిస్తే ఇంకొకరిని పెట్టేస్తారని భయపడి, తన కోటు నా చేతికిచ్చింది. "ఎవరినైనా తొడిగించి నిలబెట్టు తల్లీ, నీకు పుణ్యముంటుంది," అంది. ఆ పుణ్యం ఎవరితో కట్టుకోవాలో నాకు తెలుసు.

మర్నాడు తెల్లవారకముందే బయల్దేరాం. కోటు అత్తకి మోకాళ్ళ కిందికి దిగింది. "పెళ్ళికి కూడా ఇంత కొత్త బట్ట పెట్టలేదు మీవాళ్ళు," అంది కాలర్ తడుముకుంటూ. కాంట్రాక్టరు మనిషి ఎనిమిది దాకా లెక్కపెట్టి పక్కకి తప్పుకున్నాడు.

పార్కు మధ్యలో ఒక పాత చెట్టు ఉంది. ఆకు దళసరి, కొమ్మలు నేలకి వంగి గొడుగులా ఉంటుంది. చుట్టూ కత్తిరించిన పొదలు. అక్కడ కూర్చోబెట్టి కలుపు తీసే బొరిగె చేతిలో పెట్టాను.

"చెయ్యి ఆడుతున్నట్టు కనిపిస్తే చాలు. ఏదీ పీకకు అత్తా. నీకు దణ్ణం పెడతాను."

"పీకను లేవే. కూర్చోడం కూడా నేర్పిస్తావా నాకు?"

పన్నెండు రోజులు అలా గడిచాయి. అత్త మొహంలో నెత్తురు తిరిగింది. రెండు పూటలా అన్నం తింది. నీడలో కూర్చుంటే ఆకలేస్తుందన్న సంగతే మర్చిపోయానంది. నాకు మాత్రం ఆ పన్నెండు రోజులూ ముద్ద సరిగా దిగలేదు. ఎక్కడ ఈల వినిపించినా పైపు జారిపోయేది. నీళ్ళు పడుతూనే నా కళ్ళు ఆ పొదల వైపే ఉండేవి. సందులో వాళ్ళు అడిగితే అత్త "ఉద్యోగానికి పోతున్నా" అనేది. వాళ్ళకి అర్థమైంది. తొమ్మిదో గదిలో నెలలు నిండిన పిల్ల ఒకతె ఉండేది. ఒక సాయంత్రం కొళాయి దగ్గర నా పక్కకొచ్చి, "పిన్నీ, ఇంకో కోటు దొరుకుతుందా?" అని మెల్లగా అడిగింది. లేదన్నాను. బిందె నిండకముందే ఎత్తుకుని వచ్చేశాను.

ఆ రోజుల్లోనే పార్కు దారి పక్కన కొత్త మొక్కలు నాటారు. చిన్న చిన్న గుండ్రటి ఆకు, నేలకి అంటుకుని తివాచీలా పాకుతుందట. ఎక్కడో దూరం నుంచి చల్లటి లారీలో ట్రేలతో వచ్చాయి. మేడలవాళ్ళ కమిటీ నెల తిరిగేసరికి అదంతా అల్లుకోవాలని పట్టుబట్టింది. నీళ్ళు ఎక్కువైనా తక్కువైనా చచ్చే రకం. వాటి మధ్యన మన గంగపాయ కూడా మొలిచింది, నీళ్ళెక్కడుంటే అక్కడ దానంతటదే మొలిచే ఆకుకూర. పాత చెట్టు పక్క నుంచే ఆ దారి.

అత్త పెళ్ళికాకముందు నుంచీ కూలికి కలుపు తీసిన మనిషి. ఎండలో వరుస పట్టిందంటే పక్కనున్న పడుచుపిల్లలు అందుకోలేకపోయేవాళ్ళట. అలాంటి చేతికి బొరిగె ఇచ్చి ఊరికే ఆడించమన్నాను. పదమూడో రోజున, నేను అవతలి చివర నీళ్ళు పడుతుండగా, ఆమెకి సిగ్గేసింది. ఆ మాట తర్వాత తనే అంది. ఇన్నాళ్ళు ఉత్తినే కూర్చుని నీడ తిన్నాను, ఎవరిదో ఏమో, కొంచెమైనా పని చేసిపెడదామనుకుందట. దారి పక్కకి జరిగి వరుస పట్టింది. తినే ఆకుని తినే ఆకుగా వదిలేసింది. పనికిరాని గుండ్రటి ఆకుని వేళ్ళతో సహా పీకి, మళ్ళీ బతక్కుండా వేళ్ళు ఎండకి తిప్పి, కుప్పలు పెట్టుకుంటూ పోయింది. నేను చూసేసరికి ముప్పై అడుగుల దారి శుభ్రం. ఎంత శుభ్రమంటే, గంగపాయ ఒక్కటే వరుసగా, ఎవరో ప్రేమగా నాటినట్టు మిగిలింది.

పైపు పడేసి పరిగెత్తాను. నాకంటే ముందు సూపర్వైజరు, కొత్త మొక్కలు చూడ్డానికొచ్చిన తెల్ల కుక్క మేడమ్ అక్కడున్నారు. పన్నెండున్నర అయింది.

ఈల వేసి అందరినీ పిలిచాడు. ఏడుగురం వరుసగా నిలబడ్డాం. అత్త కుప్పల మధ్య గొంతుక్కూర్చుని ఉంది, చేతులకి మట్టి.

"ఈ ముసలావిడ ఎవరు?" అన్నాడు. "చూడండమ్మా. ఇవి ఎంత కష్టపడి తెప్పించారో మీకు తెలుసు. మీలో ఎవరో తెచ్చారని తేలితే ఎనిమిది మందీ రేపటి నుంచి రానక్కర్లేదు. అది నా చేతిలో లేదు. ఎవరూ తేలేదు, ఆవిడే దూరింది అంటే, అది వేరే సంగతి."

ఆయన ఆ రెండో మాట నెమ్మదిగా అన్నాడు. దారి చూపిస్తున్నాడని నాకు తెలిసింది. మిగతా ఆరుగురూ నా వైపు చూడకుండా ఉండడానికి నేల చూస్తున్నారు. వాళ్ళలో ఇద్దరికి చంటిపిల్లలు.

"నీకు తెలుసా?" అని నన్నే అడిగాడు.

"తెలీదు సార్. ఎవరో."

అత్త నా వైపు తిరగనైనా తిరగలేదు. "ఈ అమ్మాయికి నేనెలా తెలుస్తాను బాబూ?" అంది. "నీడ కనిపించింది, వచ్చాను. కోటు కొమ్మకి వేలాడుతుంటే తొడుక్కున్నాను. ఉత్తినే కూర్చోవడానికి సిగ్గేసి ఈ కాస్త పనీ చేశాను. తప్పయితే క్షమించు."

మేడమ్ కుప్పల వైపు చూసి కళ్ళు మూసుకుంది. "పెద్దావిడ, ఏమీ అనకండి," అంది. "నీళ్ళిచ్చి గేటు దాకా పంపండి చాలు." తన చేతిలో సీసా కూడా ఇచ్చింది. మంచిగానే ఇచ్చింది. అత్త కోటు విప్పి, మడతపెట్టి, బొరిగె దాని మీద పెట్టి, వాచ్‌మన్ వెనకాల నడిచింది. ఆమె వీపు పొదలు దాటేదాకా చూశాను.

తర్వాత సూపర్వైజరు కాగితం తెచ్చాడు. కమిటీకి చూపించాలి, అందరూ సంతకాలు పెట్టాలన్నాడు. "రాయడం వచ్చినవాళ్ళెవరు?" అంటే ఆరుగురూ నన్ను చూపించారు. రెండేళ్ళ కిందట సందులో సాయంత్రం బడి పెడితే అక్కడ నేర్చుకున్నాను. అప్పటిదాకా రాసినవి పలక మీద రాసినవీ, నోటుబుక్కులో రాసినవీ. ఒకరి చేతికి ఇవ్వడానికి రాసిన మొదటి కాగితం అదే. 'ఈ ముసలావిడ ఎవరో మాకు తెలియదు. మేమెవరం తీసుకురాలేదు' అని రాశాను. అక్షరాలు బాగా వచ్చాయి. సూపర్వైజరు చదివి తలూపాడు. కింద నేను పేరు రాస్తే మిగతావాళ్ళు వేలిముద్రలు వేశారు.

"ఇప్పుడు ఇవన్నీ మళ్ళీ నాటండి. బతికినన్ని బతుకుతాయి," అన్నాడు.

వేళ్ళు అప్పటికే వాడిపోయాయి. తడిచేసి, గుంట తీసి, పెట్టి, నొక్కి, ఒక్కొక్కటీ నాటుతున్నాం. అరగంట గడిచి ఉంటుంది. ముందుకి వంగినప్పుడు బొడ్డు దగ్గర ఏదో గుచ్చుకుంది. చెయ్యి పెట్టి చూస్తే తాళంచెవి.

ఇద్దరం బయటికి వస్తామని పొద్దున్నే నేనే గదికి తాళం వేశాను. చెవి నా బొడ్లో ఉంది. నలభై నిమిషాలు ఎండలో నడిచి గోడ చుట్టూ తిరిగి వెళ్ళినా అత్తకి లోపలికి వెళ్ళే వీల్లేదు. రేకుల గది కూడా లేదు ఆమెకి.

నా పక్కనున్న ఆమె నా చేతిలో తాళంచెవి చూసింది. "పక్క గదివాళ్ళు కూర్చోబెట్టుకుంటారులే," అంది గుసగుసగా.

"అవును," అన్నాను.

"ఇప్పుడు లేచి వెళ్ళావంటే కాగితం రాసి ఏం లాభం?"

అదీ నిజమే. సూపర్వైజరు ఎదురుగా బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. కడుపునొప్పి అని అడగొచ్చు. అడిగితే పంపేవాడేమో, ఇప్పటికీ తెలీదు. అడుగుదామని రెండుసార్లు లేచాను. రెండుసార్లూ నీళ్ళు తెచ్చుకుని కూర్చున్నాను. పక్క గదివాళ్ళున్నారు అనుకున్నాను. మేడమ్ ఇచ్చిన నీళ్ళున్నాయి అనుకున్నాను. అలా అనుకుంటూ నాలుగున్నర దాకా నాటాను. నా మీద చెట్టు నీడ ఉంది. అంతసేపూ నాకు చల్లగానే ఉంది.

గేటు దాటాక పరిగెత్తాను. గోడ రెండో మలుపు దగ్గర చెప్పులు కుట్టే అతను కూర్చుంటాడు. రోజూ నన్ను చూస్తాడు కాబట్టి పేరు తెలియకపోయినా పలకరిస్తాడు. అత్తతో మెల్లగా నడిచొచ్చిన ఆ పన్నెండు రోజులూ మేం చేరేసరికి సర్దుకుని వెళ్ళిపోయేవాడు. చెయ్యెత్తి ఆపాడు.

"మీ సందు వైపు పోతున్నావు కదా, ఒకసారి అడుగమ్మా. ఎవరి తాలూకో ముసలావిడ, ఇక్కడే గోడకి చెయ్యి పెట్టుకుని నడుస్తూ వచ్చి పడిపోయింది. ఒంటిగంట దాటాక. ఆటో ఆపి పెద్దాసుపత్రికి పంపాను. నీవాళ్ళెవరు, ఎవరికి చెప్పమంటావు అని పదిసార్లు అడిగాను. ఎవరూ లేరంది."

"ఇంకేమంది?"

"ఎండ బాగా ఉంది నాయనా, నువ్వు లోపలికి జరుగు, అంది. నాకేముంది లోపలికి జరగడానికి? గొడుగు ముక్క."

పెద్దాసుపత్రిలో వార్డు దొరకడానికే గంట పట్టింది. పేరు చెప్తే లేదన్నారు. ఎలా ఉంటుందో చెప్తే, మేడ మీద చివరి మంచం చూడమన్నారు. అత్తకి తడి దుప్పటి చుట్టి ఉంది. పెదాలు పగిలిపోయాయి. చేతికి సూది, గోళ్ళలో ఇంకా పార్కు మట్టి. నర్సు కాగితాల అట్ట పట్టుకుని వచ్చింది.

"ఈవిడ తాలూకా మీరు? అమ్మయ్య. పేరు తెలీదు, ఎవరూ లేరు అని రాసుకున్నాం. ఆవిడే అలా చెప్పింది. వేడి లోపలికి కొట్టేసిందమ్మా. గంట ముందు తెచ్చి ఉంటే బాగుండేది. మీరేమవుతారు?"

"కోడల్ని."

మా మాటలకి అత్త కళ్ళు తెరిచింది. నన్ను చాలాసేపు చూసింది. తెలిసిన చూపే. ఇరవై ఏళ్ళు ఆ కళ్ళు చూశాను, నాకు తెలీదా.

"ఎవరో నాకు తెలీదమ్మా," అంది నర్సుతో. గొంతు పీచులా ఉంది, కానీ మాట స్పష్టంగా ఉంది. "పార్కులో పని చేసుకునే పిల్ల. దీన్నేమీ అనకండి. దీనికేమీ తెలీదు."

నేను మంచం మీదికి వంగాను. "అత్తా, ఇక్కడ సార్ లేడు. ఎవరూ లేరు. ఇది ఆసుపత్రి. నేనే వచ్చాను."

చెయ్యి పట్టుకున్నాను. మెల్లగా నా చెయ్యి పక్కకి నెట్టేసింది, ఎవరైనా చూస్తారన్నట్టు.

నర్సు మా ఇద్దరి వైపూ మార్చి మార్చి చూసింది. "సరిగ్గా చెప్పమ్మా, ఈవిడ నీకేమవుతుంది? రాసుకోవాలి నేను," అంది.

చెప్పాను. పొద్దున ఇంకో నర్సు వస్తే ఆమెకీ చెప్పాను. పదకొండు గంటలకి అత్త ప్రాణం పోయాక, కాగితాలు రాసే అతను అడిగితే అతనికీ చెప్పి, నా చేత్తో రాసి ఇచ్చాను. మా అత్త మాత్రం చివరిదాకా ఒప్పుకోలేదు.